పుంగనూరులో ఆరని చుక్క

"ఆ లైట్లు కొంచెంసేపు ఆపుతారా?"

సాయంత్రం పూట టమోటా మండీకి వచ్చి ఎవరూ అడగని మాట అది. పుంగనూరులో మదనపల్లె రోడ్డు పక్కన తన మండీలో సరుకు గ్రేడింగ్ చేయిస్తున్న హరినాథ్ తలెత్తి చూశాడు. గేటు దగ్గర ఒక అమ్మాయి. భుజాన బరువైన సంచి, చంకలో కాళ్ళు మడిచిన స్టాండు. అతని వైపు చూడడమే లేదు. స్తంభాల మీద వెలుగుతున్న ఫోకస్ లైట్లను, అవేవో తన మీద పగబట్టినట్టు గుర్రుగా చూస్తోంది.

"ఎవురమ్మా నువ్వు? కరెంటాఫీసా?"

"కాదు. కాలేజీ."

"కాలేజీకి మా లైట్లతో ఏం పని?"

"మీ లైట్ల దెబ్బకి ఆకాశం కనపడలా."

హమాలీలు పని ఆపి నవ్వారు. హరినాథ్‌కీ నవ్వొచ్చింది గానీ, మండీ ఓనరుకి ఒక హోదా ఉంటుంది కదా, దాన్ని కాపాడుకున్నాడు.

"మాకు టమోటా కనపడితే చాలు మేడం. ఆకాశంలో గ్రేడింగ్ లేదు."

"ఎందుకు లేదు, ఉండాది. నక్షత్రాలకీ గ్రేడింగ్ ఉండాది. మీ పుణ్యమా అని ఇప్పుడు ఫస్ట్ క్వాలిటీ తప్ప ఏదీ కనపడలా."

హమాలీల్లో పెద్దవాడు గంగప్పకి ఈ సమాధానం బాగా నచ్చింది. "ఆపి సూద్దాం లేప్పా. లారీ వచ్చేదానికి ఇంకా టైముండాది," అన్నాడు.

హరినాథ్ విసురుగా వెళ్ళి మెయిన్ ఆపేశాడు. అమ్మాయి ముఖం సరిగ్గా చూసేలోపే చీకటి చేసుకున్నాడు మనవాడు. ఆ తెలివికి తనని తాను తిట్టుకుంటూ తల పైకెత్తాడు. నడినెత్తిన పిల్లలకోడి చుక్కలు గుంపుగా మెరుస్తున్నాయి. చిన్నప్పుడు నాన్న చూపించినవి. అవి ఇంకా అక్కడే ఉన్నాయన్న సంగతే అతను మర్చిపోయాడు.

చీకట్లోంచి ఆ అమ్మాయి గొంతు నెమ్మదిగా వినిపించింది. "మీ మిద్దె నాకు కావాల. వచ్చే నెలలో ఒకే ఒక్క సాయంత్రం. మీరు కూడా కావాల."

గంగప్ప దగ్గాడు. హరినాథ్ గబగబా లైట్లు వేశాడు.

ఆ అమ్మాయి పేరు అంబిక. కుప్పంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. ఆమెకు కావలసింది మిద్దె కూడా కాదు, ఒక రాయి ఆకారం. ఆ రాయి మన భూమి మీద లేదు. అంగారకుడికీ బృహస్పతికీ మధ్య లక్షల రాళ్ళు సూర్యుడి చుట్టూ తిరుగుతుంటాయి. గ్రహశకలాలు అంటారు. వాటిలో ఒకటి ఇది.

"దీని పేరు మిరెల్డా," అంది మండీ వెనకే ఉన్న హరినాథ్ ఇంటి మిద్దె మీద స్టాండు బిగిస్తూ. "నూరేళ్ళ పైమాటే దీన్ని కనిపెట్టి. ఎక్కడో చలిదేశంలో కొండ మీద ఒకాయన ఒంటరిగా కూసోని ఆకాశానికి ఫోటోలు తీసేవాడంట. గాజు పలకల మీద. నక్షత్రాలన్నీ చుక్కల్లా పడినాయి, ఇదొకటి మాత్రం చిన్న గీతలా పడింది. అంటే కదులుతాండాది అని."

"మిరెల్డా అంటే?"

"ఎవురో ఆడమనిషి పేరు. ఎవురో ఎవురికీ తెల్దు. ఆయన చెప్పలా."

"పెళ్ళి చేసుకున్నాడా ఆమెని?"

"తెల్దంటిని కదా."

"పాపం," అన్నాడు హరినాథ్. ఎవరి మీద జాలిపడ్డాడో అతనికే తెలియదు.

మిరెల్డా గురించి తెలిసింది చాలా తక్కువ. బొగ్గులాగా నల్లటి రాయి. సుమారు వంద కిలోమీటర్లు ఉండొచ్చని అంచనా. దాని వెలుగు కొన్ని గంటలపాటు పెరిగి, మళ్ళీ తగ్గుతుంది. గుండ్రంగా ఉంటే అలా మారదు కాబట్టి, పొడుగ్గా ఉండి దొర్లుతోందని అందరూ అనుకుంటున్నారు. ఇంతవరకూ దాన్ని చూసిన టెలిస్కోపులన్నింటిలో అది ఒక చుక్కే.

"అయితే ఆకారం ఎట్ల తెలుస్తాది?"

"వచ్చే నెల అది ఒక నక్షత్రానికి అడ్డం పోతాది. అప్పుడు దాని నీడ మన మింద పడతాది. ఆ నీడలో ఉండేవాళ్ళకి నక్షత్రం అయిదారు సెకన్లు ఆరిపోతాది. ఏ ఊర్లో ఎంతసేపు ఆరిందో కలిపి గీస్తే రాయి అంచులు దొరుకుతాయి. మదనపల్లెలో మా ఫ్రెండ్ మురళి చూస్తాడు. కుప్పంలో మా కాలేజీ మిద్దె మింద నేను చూస్తా. మధ్యలో ఎవురూ లేరు."

"ముగ్గురం ఒకేచోట కూసోని చూస్తే పోలేదా? కాఫీ, టిఫినూ నేను చూసుకుంటా."

"ఒకేచోట ఉంటే ముగ్గురికీ ఒకటే గీత దొరుకుతాది. దూరందూరంగా ఉండాల. అప్పుడే తెలిసేది."

"ఇదేం లెక్క మేడం! మనుషులు దూరంగా ఉంటే మంచిదని?"

అంబిక నవ్వలేదు. "అదే లెక్క," అంది.

ఆమె ఆదివారాలు వచ్చి నేర్పింది. కుప్పం నుంచి వి.కోట, పలమనేరు, పెద్దపంజాణి మీదుగా బస్సులు మారి వచ్చేది. కెమెరాలు రెండే ఉన్నాయి, కాబట్టి పుంగనూరుకి హరినాథ్ కన్నే కెమెరా. చిన్న టెలిస్కోపులో పిల్లలకోడి కింద ఒక పసుపు చుక్కను వెతికి పట్టుకోవాలి. పక్కన ఫోను రికార్డు చేస్తుంటుంది. చుక్క కనిపిస్తున్నంతసేపూ "ఉండాది, ఉండాది" అని పైకి అంటూనే ఉండాలి. ఆరితే "లేదు" అనాలి.

"ఊరికే ఉండాది ఉండాది అంటాంటే మా యమ్మ మంత్రగాణ్ణి పిలుస్తాది."

"నోరు పనిలో ఉంటే కన్ను పక్కకి పోదు. మాట ఆపితే మనసు యాడికో పోతాది."

"మనసు ఇప్పుడే యాడికో పోతాండాది మేడం."

"దాన్ని కూడా టెలిస్కోపు కాడికి పిలువు," అంది అంబిక. 'పిలవండి' అనలేదు. ఆ సంగతి ఇద్దరూ గమనించారు, ఇద్దరూ గమనించనట్టే ఉన్నారు.

మూడో ఆదివారం మిద్దె మీద జల్లు పడింది. కాలం కాని కాలంలో వాన. ఇద్దరూ టెలిస్కోపుకి టార్పాలిన్ కప్పి, మిగిలిన కొసను నెత్తిన పట్టుకుని నిలబడ్డారు. టెలిస్కోపు తడవలేదు. వీళ్ళిద్దరూ ముద్దయ్యారు. ఆమె జడలోంచి కారే నీళ్ళు తన చేతి మీద పడుతుంటే, హరినాథ్ ఆ చెయ్యి కదపలేదు.

"పందెం వేస్తావా?" అన్నాడు. "మిరెల్డా టమోటా మాదిరి గుండ్రంగా ఉంటాది."

"పొడుగ్గా ఉర్లగడ్డ మాదిరి ఉంటాది," అంటూ ఒక చేత్తో గాల్లో బంగాళదుంప గీసింది అంబిక. "వెలుగు మారేదానికి లెక్క ఉండాది."

"టమోటా అయితే నువ్వు మా ఇంట్లో భోంచేయాల."

"ఉర్లగడ్డ అయితే?"

"అప్పుడూ మా ఇంట్లోనే. ఉర్లగడ్డ కూర."

ఈసారి నవ్వింది. హరినాథ్‌కి ఆ రోజంతా ఎవరో మంచి రేటు చెప్పినట్టుగా ఉంది. పొద్దున్నుంచి రాత్రిదాకా అతని చుట్టూ మనుషులే, కానీ వాళ్ళు మాట్లాడేవన్నీ ధరలే. నాన్న పోయాక మండీ నెత్తిన పడింది. తోటివాళ్ళందరూ బెంగళూరు చేరారు. రోజంతా గొంతు చించుకుని అరిచి ఇంటికి వచ్చాక, ఈరోజు ఎవరితో మాట్లాడాను అని ఆలోచిస్తే ఎవరూ గుర్తొచ్చేవారు కాదు.

అంబిక సంగతి బస్టాండులో తెలిసింది. పలమనేరు బస్సు ఆలస్యమై, ఇద్దరూ సిమెంటు బల్ల మీద కూర్చున్న రోజున.

"మాది నిమ్మనపల్లె. ఒక సంబంధం నిశ్చితార్థం దాకా వచ్చినాక వద్దంటిని. ఉద్యోగం మానేయాలన్నారు వాళ్ళు. అప్పట్నుంచి ఇంటికి ఫోన్ చేస్తే 'తిన్నావా' అంటారు, 'తిన్నా' అంటాను. పెట్టేస్తారు." కాసేపు బస్సు వచ్చే వైపు చూసింది. "కుప్పంలో రూము తలుపు తీస్తే ఫ్యాను శబ్దం తప్ప ఏం ఉండదు హరీ. అందుకే ఫోన్లో పాటలు పెట్టి స్టవ్ కాడికి పోతా. అర్థం కూడా వినను. ఎవురో ఒకరు ఉండారు అనుకునేదానికి."

ఆ తర్వాత ఆమె బస్సెక్కిన ప్రతిసారీ అతను ఫోన్ చేసేవాడు. వి.కోట దాటాక అడవి దారిలో సిగ్నల్ తెగుతూ వస్తూ ఉండేది. "అంబికా, ఉండావా? ఉండావా?" అని అతను అరిచేవాడు. మండీలో హమాలీలు మూతులు తిప్పుకునేవాళ్ళు. అవతల నుంచి "ఉండాను" అని వినపడ్డాకే అతని ముఖం మామూలయ్యేది.

ఆ సాయంత్రం రానే వచ్చింది. ఆకాశం కడిగిపెట్టినట్టు ఉంది. అంబిక ముందే ఒక నియమం పెట్టింది. అయిపోయాక ఎవరికేం కనిపించిందో ఒకరికొకరు చెప్పుకోకూడదు. ముందు రికార్డింగులు ఆమెకి పంపాలి. ఒకరి మాట విని ఇంకొకరు తమది దిద్దుకోకుండా ఉండడానికి.

పుంగనూరులో ఆ పూట మండీ లైట్లన్నీ ఆపేశారు. హరినాథ్ ఒక్కడే మిద్దె మీద. కుప్పంలో అంబిక ఒక్కతే. మదనపల్లెలో మురళి ఒక్కడే. అంత పెద్ద రాయిని కొలవడానికి ముగ్గురు మనుషులు మూడు ఊళ్ళలో విడివిడిగా చీకట్లో నిలబడ్డారు.

కుప్పంలో చుక్క ఆరింది. అంబిక కళ్ళ ముందే, కెమెరా తెర మీద, ఎవరో ఊదేసినట్టు ఆరి, ఆమె ఊపిరి బిగబట్టి ఉండగానే మళ్ళీ వెలిగింది. ఆమె మిద్దె మీద ఒంటరిగా చప్పట్లు కొట్టింది. పక్కన ఎవరూ లేరని గుర్తొచ్చి ఆపేసింది. కాసేపటికి మురళి వీడియో వచ్చింది. మదనపల్లెలోనూ ఆరింది. తర్వాత పుంగనూరు రికార్డింగు వచ్చింది. చుక్క ఆరాల్సిన సమయానికి జరిపి విన్నది.

"ఉండాది. ఉండాది. ఉండాది."

ముందుకు జరిపింది. ఉండాది. వెనక్కి జరిపింది. ఉండాది. ఎక్కడా "లేదు" లేదు.

వెంటనే ఫోన్ చేసింది. "హరీ, యాడ చూస్తాంటివి?"

"చుక్కనే."

"నాకు ఆరింది. మురళికీ ఆరింది. మధ్యలో ఉండే నీకు ఆరకపోయేది యట్ల?"

"నాకు ఆరలా."

"వేరే చుక్క చూసుంటావు."

"నువ్వు చూపిచ్చిందే చూసినా."

"కన్ను పక్కకి తిప్పింటావు. అయిదు సెకన్లే కదా..."

"ఆరింది అని చెప్తే నీ పని అయిపోతాదా? చెప్పమంటే చెప్తా."

"అట్ల చెప్పకూడదు!"

"ఆరలేదంటే నమ్మవు. ఆరిందని చెప్పకూడదు. నన్నేం చేయమంటావు అంబికా?"

ఆమెకి ఏడుపొచ్చేలా ఉంది. పోయినేడు ఇలాంటి పనిలోనే ఆమె ఫోను గడియారం తప్పు చూపించింది. ఇలాంటి రిపోర్టులన్నీ పోగుచేసే విదేశీ బృందం కుప్పం లెక్కను కొట్టేసింది. మర్యాదగా రాశారు గానీ, కొట్టేశారు. మళ్ళీ తప్పు పంపితే ఇక ఆమె పంపేది ఎవరూ చదవరు. చుట్టుపక్కల మనుషులెవరూ లేని ఆమెకి ఆ పని ఒక్కటే తోడు.

"పుంగనూరు తీసేస్తా," అంది.

"తీసెయ్," అన్నాడు హరినాథ్. ఈసారి సిగ్నల్ తెగలేదు. అతనే పెట్టేశాడు.

ఆ ఆదివారం ఆమె రాలేదు. హరినాథ్ మండీలో కూర్చుని వచ్చే పోయే బస్సుల వైపు చూడకుండా ఉండడానికి శతవిధాలా ప్రయత్నించి, ప్రతి బస్సునీ చూశాడు. లైట్లు ఎప్పటిలాగే వెలుగుతున్నాయి. తల పైకెత్తితే నల్లగా ఏమీ లేదు. నిజంగానే కన్ను తిప్పానేమో అని అతనికే అనుమానం మొదలైంది. ఆమె అన్నదానికంటే అదే ఎక్కువ బాధపెట్టింది.

"ఆ పాప రాలేదేమిరా?" అంది తల్లి రాజమ్మ, కంచంలో ముద్ద పెడుతూ.

"పని అయిపోయింది మా."

"పనికేనా వచ్చింది?"

హరినాథ్ సంగటి ముద్దను వేలితో గుచ్చుతూ కూర్చున్నాడు. రాజమ్మ టీవీ సౌండు తగ్గించింది. ఆ ఇంట్లో అది చాలా పెద్ద విషయం.

కుప్పంలో అంబిక రిపోర్టు రాయడానికి కూర్చుంది. పుంగనూరుకి ఎదురుగా 'చూసినవారి పొరపాటు' అని రాయాలి. అంతే పని. చెయ్యి రాలేదు. సరే, పొరపాటు ఎక్కడ జరిగిందో తెలుసుకునే రాద్దామని రికార్డింగు మొదటి నుంచి పెట్టింది. ఇన్నిరోజులుగా ఆమె విన్నది మధ్యలో కొంత మాత్రమే.

"పిల్లలకోడి కింద మూడు చుక్కలు వరసగా ఉండాయి. ఎడంపక్క చుక్కకి కింద మనది. పసుపు రంగు. అంబిక చెప్పిందే. మొదలుపెడతాండా. ఉండాది. ఉండాది."

నక్షత్రాల పటం తీసి పక్కన పెట్టుకుంది. మూడు చుక్కల వరస, ఎడమ పక్కన కింద. సరిగ్గా అదే చుక్క.

"ఉండాది. ఉండాది."

"హరీ, ఉప్పిండి సల్లారిపోతాండాది రా!" కింద నుంచి రాజమ్మ గొంతు.

"ఉండాది."

"ఉండాదని నాకూ తెల్సురా, వచ్చి తిను!"

"ఉండాది. ఉండాది."

అంబిక నవ్వింది. ఆ గదిలో తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది.

లారీ హారన్ మోగింది. గంగప్ప తాళంచెవి అడిగాడు. ఎవరో లైటు వేయాలా అని అరిచారు. "వద్దు. ఉండాది." ఊరంతా ఏదో ఒకటి అడుగుతూనే ఉంది, అతను అందరికీ ఒకే సమాధానం చెబుతున్నాడు. ఆమె గడియారం పెట్టుకుని మళ్ళీ విన్నది. ఒక "ఉండాది"కీ ఇంకొక "ఉండాది"కీ మధ్య, ఒక్కచోట కూడా, చుక్క ఆరి వెలిగేంత ఖాళీ లేదు.

సమయం దాటిపోయింది. అయినా అతను ఆపలేదు. చాలాసేపు అలాగే చెబుతూ పోయాడు. చివర్లో గొంతు బొంగురుపోయింది. "నాకు ఆరలేదు అంబికా. నీకు ఆరిందా? నీకన్నా ఆరితే చాలు." అక్కడితో రికార్డింగు అయిపోయింది.

అంబిక తెల్ల కాగితం తీసింది. ముగ్గురూ నిజమే చెప్పారనుకుంటే? మదనపల్లె గీత గీసింది: ఆరింది. కుప్పం గీత గీసింది: ఆరింది. మధ్యలో పుంగనూరు: ఆరలేదు. ఈ మూడూ నిజమవ్వాలంటే ఒక్క రాయితో కుదరదు. పైన ఒక గుండ్రం, కింద ఒక గుండ్రం, మధ్యలో ఖాళీ. పెరిగి తగ్గే వెలుగు కూడా దీంతో సరిపోతుంది. ఒకటి దొర్లడం కాదు. రెండు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ, ఒకదాన్నొకటి కమ్ముతున్నాయి. నూరేళ్ళుగా దూరం నుంచి చూసేవాళ్ళందరికీ ఒకటిగా కనిపించాయి.

మురళికి ఫోన్ చేసింది.

"రెండు రాళ్ళా?" అన్నాడు మురళి. అతను మంచివాడే, భయస్తుడు. "ఒక్క మనిషి కన్నుని నమ్మి అంత మాట పంపుతావా? పోయినేడు అయింది సాలదా? వాళ్ళు నవ్వుతారు అంబికా."

"నవ్వనీ."

"అతను కన్ను తిప్పలేదని గ్యారంటీ ఏంది?"

"విన్నాను కదప్పా. తిప్పలా."

ముగ్గురి పేర్లతో, మూడు ఊళ్ళతో రిపోర్టు పంపింది. మరునాడు కాలేజీకి సెలవు పెట్టి తొలి బస్సు పట్టుకుంది.

పుంగనూరు చేరేసరికి మండీలో వేలం పాట జోరు మీదుంది. పెట్టెల వరసల మధ్య వందమంది ఒకేసారి అరుస్తున్నారు. హరినాథ్ ఒక ఎత్తు మీద నిలబడి అందరికంటే గట్టిగా అరుస్తున్నాడు. ఆమెని చూశాడు. గొంతు ఆగిపోయింది. మళ్ళీ కావాలని అందుకున్నాడు.

"హరీ!" అంది అంబిక. వినపడలేదు. ఆమె కూడా ఒక పెట్టె ఎక్కింది. "హరీ! తప్పు నాదే!"

"ఏందమ్మా, రేటా?" అన్నాడు ఒక వ్యాపారి.

"రేటు కాదు! ఆయన చుక్క ఆరలేదు!"

మండీ మొత్తం నిశ్శబ్దమైపోయింది. పాట మధ్యలో అంత నిశ్శబ్దం ఆ మండీ ఎప్పుడూ చూడలేదు. గంగప్ప మాత్రం నిదానంగా తలూపి, "అదే కదా ఆయన చెప్తాండింది," అన్నాడు.

పెట్టెల వెనక, గోడ నీడలో ఇద్దరూ నిలబడ్డారు. హరినాథ్ ముఖం ఇంకా ముడుచుకునే ఉంది. అంబిక రెండు టమోటాలు తీసుకుని కాస్త ఎడంగా పట్టుకుంది.

"ఇది మదనపల్లెని కప్పింది. ఇది కుప్పాన్ని. నువ్వు ఈ సందులో ఉండావు. నీ చుక్క ఎందుకు ఆరుతాది?"

అతను ఆ రెండు టమోటాలనీ, వాటి మధ్య కనిపిస్తున్న ఆమె ముఖాన్నీ చూశాడు.

"అయితే పందెం నేనే గెలిచినా. టమోటానే."

"ఒకటని కదా పందెం? ఇద్దరం ఓడిపోయినాం."

"వాళ్ళు ఒప్పుకున్నారా?"

"ఇంకా జవాబు రాలా. పెద్ద టెలిస్కోపుతో చూడాల."

"తప్పని తేలితే?"

"తేలనీ. నువ్వు చూసింది తప్పు కాదు. మొత్తం విన్నా హరీ. మొదటి నుంచి చివరి దాకా. ముందే వినాల్సింది." ఆమె కళ్ళు నిండాయి, తుడుచుకోలేదు. "నన్ను అంతసేపు ఎవురూ విడవకుండా చూడలా. నువ్వు చూసింది చుక్కనే అనుకో."

"చుక్కని కాదు," అన్నాడు హరినాథ్. "నువ్వు చూడమన్నావని చూసినా. నువ్వు అడిగితే తెల్లారిందాకా చెప్తాంటిని." ఇక అసలు అడగవలసింది అడిగాడు. "ఇప్పుడు రిపోర్టు కోసం వచ్చినావా, నా కోసమా?"

"రిపోర్టు పంపేసే వచ్చినా."

హరినాథ్ ఆమె చేతిలోని టమోటా ఒకటి తీసుకున్నాడు. మండీలో అంతమంది ఉండగా అంతకంటే ఏం తీసుకోగలడు?

మధ్యాహ్నం రాజమ్మ వడ్డించింది. ఒక గిన్నెలో టమోటా పప్పు, ఇంకో గిన్నెలో ఉర్లగడ్డ కూర. పందెం సంగతి ఆమెకి ఎవరు చెప్పారో తెలియదు.

"కుప్పంలో ఒక్కదానివే ఉంటావంటనే?"

"అవునమ్మా."

"మా వాడూ అంతే. నేను పక్కనే ఉండినా ఒక్కడే ఉంటాడు. నువ్వొస్తే రోంత మాట్లాడతాడు." ఇంకొక గరిటె పప్పు వేసింది. "నిమ్మనపల్లెలో మీ నాయన పేరేమి? మాకు ఆ పక్క రైతులు సానామంది తెలుసు."

అంబిక తల వంచుకుని చెప్పింది. నీళ్ళు తాగుతున్న హరినాథ్‌కి పొలమారింది.

జవాబు రావడానికి చాలా రోజులు పట్టింది. ఈలోగా అంబిక మళ్ళీ కుప్పంలో, హరినాథ్ మళ్ళీ మండీలో. మధ్యలో అదే దారి, అవే తెగిపోయే సిగ్నళ్ళు. ఒక సాయంత్రం ఆమె కాలేజీ నుంచి వచ్చి గది తలుపు తీస్తుంటే ఫోనులో మెయిల్ శబ్దమైంది. చెప్పులు కూడా విప్పకుండా నిలబడి చదివింది. ఎక్కడో ఎత్తైన కొండ మీద పెద్ద టెలిస్కోపును మిరెల్డా వైపు తిప్పారు. పరిమాణంలో దాదాపు సమానమైన రెండు రాళ్ళు, ఒకదాని చుట్టూ ఒకటి. మధ్యలో ఖాళీ. ఆ ఖాళీని మొదట చూసినవారు: హరినాథ్, పుంగనూరు.

ఆమె ఫోన్ చేసింది. "హరీ, రెండే. చూసినారు. రెండూ గుండ్రమే. నీ పేరు వేసినారు."

అవతల నుంచి ఏమీ వినపడలేదు. మండీ చప్పుడు కూడా లేదు. గదిలో ఫ్యాను తిరుగుతోంది.

"హరీ? ఉండావా?"

"ఉండాను." గొంతు బొంగురుగా వచ్చింది. ఏడుస్తున్నాడని ఆమెకి అర్థమైంది. "నూరేండ్లు ఒకటే అనుకున్నారు కదా. పాపం, అవి రెండూ ఆడనే ఉండాయి."

"ఊఁ."

"అంబికా, మా యమ్మ నిమ్మనపల్లెకి పోయేదానికి కారు మాట్లాడింది. మీ నాయన నన్ను 'తిన్నావా' అనడిగి పంపిచ్చేస్తే?"

"తిన్నానని చెప్పు. ఆడనే కూసో. లేవొద్దు."

"అట్లనే."

ఇద్దరికీ మాటలు అయిపోయాయి. ఎవరూ పెట్టేయలేదు. అంబిక చెప్పులు విప్పి, సంచి మంచం మీద పడేసి, ఫోను స్పీకర్‌లో పెట్టి కిటికీ గట్టు మీద నిలబెట్టింది. బియ్యం కడగడం మొదలుపెట్టింది.

"హరీ."

"ఉండాను."

"మళ్ళీ చెప్పు."

"ఉండాను. ఎంతసేపు చెప్పాల?"

"నేను చాలు అనేదాకా."

"ఉండాను," అన్నాడు హరినాథ్, పుంగనూరు మిద్దె మీద నిలబడి. "ఉండాను. ఉండాను."

అంబిక స్టవ్ వెలిగించింది. ఆ సాయంత్రం పాటలు పెట్టలేదు. చాలు అని కూడా అనలేదు.